ఆయ్ అంటే అవునని కాదు

నేను అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో మైక్రోబయాలజిస్టుని. పేరు శారోన్. పదకొండేళ్లుగా ఇదే గది, ఇదే స్టూలు. చుట్టుపక్కల ఊళ్లవాళ్ల చీము, కఫం, మూత్రం సీసాల్లో నా దగ్గరికి వస్తాయి. వాటిలో ఏ సూక్ష్మజీవి ఉందో, అది ఏ మందుకి చస్తుందో రాసి పంపిస్తాను. పెళ్లిళ్లలో ఎవరైనా "ఏం ఉద్యోగమమ్మా?" అని అడిగితే భోజనాలయ్యాక చెబుతానంటాను.

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో అందరూ ఒప్పుకునే విషయం ఇదొక్కటే. కాకపోతే ఆ కోపం నోట్లోంచి బయటికొచ్చేసరికి "ఆయ్ అండి" అయిపోతుంది. కోనసీమలో పుట్టినందుకు మాకు తిట్టడం కూడా అండీ లేకుండా చేతకాదు.

ఈ ఆయ్ సంగతి ముందే చెప్పాలి. బయటివాళ్లు దీన్ని "అవును" అనుకుంటారు. కాదు. "విన్నాను" అని దానర్థం. ఒక్కోసారి అవుననే. ఒక్కోసారి, చచ్చినా చెయ్యను అని. ఏది ఏదో ఆ మనిషి మొహం చూసి తెలుసుకోవాలి. మా తాతగారు ఇతరుల పొలాల్లో పనిచేసిన మనిషి. ఆయన నోట "లేదు" అన్న మాట ఎప్పుడూ వినలేదని మా నాయనమ్మ పాపాయమ్మ చెప్పేది. "లేదంటే మర్నాడు పిలవరమ్మా. అందుకని అక్కడ ఆయ్ అనేవోరు, ఇంటికొచ్చి నన్ను తిట్టేవోరు" అనేది. మా నాన్నగారు హెడ్మాస్టరయ్యారు. మాకు ఇంగ్లీషులో "నో" అనడం నేర్పించారు. తెలుగులో నేర్పడం మర్చిపోయారు.

ఇక గంగబాబు గారు. అంబాజీపేట పక్క ఊరు. కొబ్బరి దింపు ఆయన పని. ముప్పై ఏళ్లుగా చెట్లెక్కి కాయలు దింపుతున్నారు. ఆ ఊళ్లో ఏ చెట్టు ఎటు వంగుతుందో వేసిన రైతుకన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. శ్రావణమాసంలో చెట్టు దిగుతుండగా ఎండిన మట్ట మొన ఎడమ పాదం పక్కన దిగబడింది. ఆయనకి నొప్పి తెలియలేదు. కింద వీరవేణి గారు, ఆయన భార్య, నెత్తురు చూసి కేకేస్తే అప్పుడు తెలిసింది. చక్కెర జబ్బు ఉందని కూడా ఆయనకి తెలియదు. అది ఎప్పట్నించో ఉండి, పాదంలో స్పర్శ పోగొట్టి, కబురు చెప్పకుండా కూర్చుంది.

మూడు వారాలు పసుపూ కొబ్బరినూనే నడిచాయి. పుండు నల్లబడ్డాక ఆసుపత్రికొచ్చారు. సర్జన్ డాక్టర్ సూర్యప్రకాష్ గారు చీము తీసి నాకు పంపించారు. ఆయనది మదనపల్లె. మా దగ్గరికొచ్చి ఎనిమిది నెలలైంది. చెయ్యి మంచిది, మనిషి మంచివాడు, మాట నమ్ముతాడు. ఆ చివరిదే గొడవ తెచ్చింది.

చీములో ఉన్నది సూడోమోనాస్. దీన్ని నేను పదకొండేళ్లుగా ఎరుగుదును. ప్లేటు మీద పచ్చగా పెరుగుతుంది. మూత తీస్తే ద్రాక్షపళ్ల వాసన వేస్తుంది. కొత్తగా చేరినవాళ్లు బావుందంటారు, వారం తర్వాత ద్రాక్షపళ్లు మానేస్తారు. మందు బిళ్లలు పెట్టి చూశాను. అమికాసిన్ బిళ్ల చుట్టూ రూపాయి బిళ్లంత ఖాళీ వచ్చింది. అంటే ఆ మందు దగ్గర అది బతకలేదని. "అమికాసిన్ పనిచేస్తుంది" అని రాసి సంతకం పెట్టాను.

డాక్టర్ గారు పది రోజులు ఇంజెక్షన్ చేయించారు. గంగబాబు గారు రోజూ పొద్దున్న ఏడింటికల్లా వచ్చి చేయించుకుని వెళ్లారు. ఒక్క రోజు తప్పలేదు. పదకొండో రోజుకి పుండు ఎముక దాకా వెళ్లింది, జ్వరం వచ్చింది. మంచం ఇచ్చి పడుకోబెట్టారు.

సోమవారం డాక్టర్ గారు నాకు ఫోన్ చేశారు.

"మేడం, ఆ గంగబాబుది. మందు పట్టడం లేదు. మీ రిపోర్టు పొరపాటై ఉండొచ్చు గదా?"

"ఆయ్ అండి" అన్నాను, ఫోన్ పెట్టేశాను.

దాని అసలు అర్థం: తమరొచ్చి ఎనిమిది నెలలు, నేను ప్లేట్లు చూడబట్టి పదకొండేళ్లు, పొరపాటు ఎవరిదో దేవుడికి తెలుసు. ఇదంతా ఒక్క ఆయ్‌లో పెట్టి పంపించి, కాఫీ తాగాను. కసి తీరింది.

మంగళవారం పొద్దున్న వార్డు నర్సు సౌజన్య ఆపరేషన్‌కి ముందు చేయాల్సిన రక్తపరీక్షలకి సీసాలు తెచ్చింది. వాటితో పాటు కేస్ షీటూ ఉంది. చదివాను. డాక్టర్ గారివి ముత్యాల్లాంటి అక్షరాలు. "రోగి పనికి వెళ్లడం లేదు. కట్టు శుభ్రంగా ఉంచుకుంటున్నాడు. రిపోర్టు తప్పై ఉండొచ్చని ల్యాబ్ ఒప్పుకుంది. మందుకి లొంగని సూక్ష్మజీవి. గురువారం పదకొండింటికి మోకాలి కింద కాలు తీసివేత."

ల్యాబ్ అంటే నేనే. ఒప్పుకున్నది నా ఆయ్.

నాకు భయం వేసింది. కోపం కాదు, భయం. కొబ్బరిచెట్టెక్కే మనిషికి కాలు తీసేస్తున్నారు, ఆ కాగితం మీద నా మాట ఉంది. సౌజన్య "ఏంటి మేడం, అలా అయిపోయేరు?" అంది. నేను సీసాలు పక్కన పెట్టి వార్డుకి నడిచాను.

గంగబాబు గారు మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చోబోయి, ఎడమ కాలు చాచుకున్నారు. వీరవేణి గారు పక్కన స్టీలు గ్లాసులో మజ్జిగ కలుపుతున్నారు. ఆమె కళ్లు వాచి ఉన్నాయి.

"గంగబాబు గారూ, పనికి వెళ్లట్లేదు కదండి?" అన్నాను.

"ఆయ్" అన్నారు.

"పనికి వెళ్తున్నారాండి?"

"ఆయ్."

"మీ పేరు గంగబాబు కాదు కదండి?"

"ఆయ్" అన్నారు, అంతే మర్యాదగా.

ఏ పరీక్షకైనా సరిచూసుకునే ప్లేటు ఒకటుండాలి. నాకది దొరికింది. కేస్ షీట్‌లో ఉన్న అవునులన్నీ ఈ ఆయ్‌లే.

"చూడండి, ఈ మంచం మీద ఇక నుంచి ఆయ్ అనకూడదండి. అవునండి అనండి, లేదంటే లేదండి అనండి. మూడోది వద్దు."

"ఆయ్" అన్నారు.

వీరవేణి గారు గ్లాసు ఠంగున పెట్టారు. "ఆయ్ కాదు! సెప్పు ఆ అమ్మగారికి. కాలు తీసేత్తారంట, ఇంకా ఎవరి మొహం సూసి దాత్తావు?" అని, నా వైపు తిరిగి, "రోజూ ఎక్కేడండి. సూదేయించుకోడం, ఆటో ఎక్కడం, రాజబాబు గారి తోటలో దిగడం. పది రోజులూ ఎక్కేడండి" అన్నారు.

"ఈ కాలితోనా?"

"నొప్పి లేదండి మరి" అన్నారు గంగబాబు గారు. చిన్నపిల్లాడు పలక పగలగొట్టి చెప్పినట్టు చెప్పారు. "తడవకుండా సూసుకోమన్నారు కదండి డాక్టర్ గారు. తడవలేదండి. గాలి కూడా తగలనివ్వలేదండి. గాలి తగిలితే సీము పట్టుద్ది కదండి. యూరియా బస్తా లోపల కవరుంటది చూడండి, అది తొడిగి, పైన సైకిలు ట్యూబు రబ్బర్లు నాలుగేసి బిగించేనండి. సుక్క దిగలేదండి."

ఆ మాట ఆయన కొంచెం గర్వంగానే అన్నారు.

"రాత్రి విప్పేవారాండి?"

"లేదండి" అన్నారు. ఆ రోజు నా ప్రశ్నకి ఆయన జవాబుగా ఇచ్చిన మొదటి లేదు అది. "పొద్దున్న సూదికొచ్చేముందు విప్పేవోణ్ణండి. కవరు సూత్తే సిస్టరమ్మ తిడతారని."

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను.

ఇక్కడ ఆ సూక్ష్మజీవి గురించి కొంచెం చెప్పాలి. కష్టమేం కాదు. మా ఊళ్లో కాలువ పారినన్నాళ్లూ కాలువ నీళ్లు వాడతాం. వేసవిలో కాలువ కట్టేస్తే బోరు కొట్టుకుంటాం. బోరు ఉప్పగా మారితే ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెడతాం. కాలువ కట్టేశారని ఎవరం చావం. అదీ అంతే. గాయం పైన గాలి ఉన్నన్నాళ్లూ గాలి పీల్చుకుంటుంది, తొందరతొందరగా పిల్లల్ని పెడుతుంది. గాలి తగ్గితే నైట్రేట్ అనే దాంతో ఊపిరి సర్దుకుంటుంది. అది మన ఒంట్లోనే కొద్దో గొప్పో దొరుకుతుంది. అదీ లేకపోతే మాంసంలోంచి వచ్చే ముక్కల్ని విరుచుకుని తింటుంది. పెరగడం తగ్గిస్తుంది, చుట్టూ జిగట కప్పుకుంటుంది, పడి ఉంటుంది. ఏ ఎండకా గొడుగు. దానికి మెదడు లేదు, ఇదంతా ఎలా తెలుసని అడక్కండి. దానికి గారు తగిలించాలని నాకు చాలాసార్లు అనిపించింది.

అమికాసిన్ సంగతి వేరు. సూక్ష్మజీవి గాలి పీలుస్తూ హుషారుగా ఉన్నప్పుడే ఆ మందు దాని లోపలికి బాగా వెళుతుంది. గాలి పీల్చడం మానేసిన దాని ఇంటి ముందు మందు నిలబడి తలుపు కొట్టాలి. తలుపు తియ్యదు. నా ప్లేటు మీద గాలి ఉంది, అందుకని చచ్చింది. యూరియా కవరులో గాలి లేదు, అందుకని బతికింది. పొద్దున్న ఏడింటికి మందు ఒంట్లోకి వెళ్లేది. ఎనిమిదింటికి కాలు కవరులోకి వెళ్లేది.

"రాజబాబు గారికి రానని చెప్పొచ్చు కదండి?" అన్నాను.

గంగబాబు గారు నా మొహంలోకి చూశారు. "ఎలాగండి?" అన్నారు. వెటకారం కాదు. నిజంగానే అడిగారు. "తోట నలభై అయిదు రోజులకోసారి దింపుకి వత్తాదండి. లారీ చెప్పేసేరండి. వత్తావా గంగబాబూ అన్నారండి. నేను ఆయ్ అన్నానండి."

ఆ ఆయ్ ఏ ఆయ్యో నేను అడగలేదు. నాకు మా తాతగారు గుర్తొచ్చారు.

డాక్టర్ గారు ఓపీలో ఉన్నారు. రోగులందరినీ దాటుకుని లోపలికెళ్లి చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి విన్నారు.

"మేడం, నేను స్వయంగా అడిగినాను. పనికి పోవడం లేదు గదా అంటే అవునన్నాడు. కట్టు జాగ్రత్తేనా అంటే అవునన్నాడు. రిపోర్టు పొరపాటా అంటే మీరూ అవునంటిరి."

"ఆయ్ అన్నామండి."

"అదే గదా నేను చెప్పేది."

నాకు ఒళ్లు మండింది. అలవాటు చొప్పున ఆయ్ గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగడం జీవితంలో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

"కాదండి" అన్నాను. "నా రిపోర్టు తప్పు కాదండి. సోమవారం నాకు కోపం వచ్చి ఆయ్ అన్నాను. అది ఒప్పుకోవడం కాదు సార్, తిట్టడం."

డాక్టర్ గారు నన్ను కొత్తగా చూశారు. తర్వాత తేరుకుని, "సరే. కానీ జ్వరం పెరగతా ఉంది. కాలు చూసి కూర్చుంటే మనిషి పోతాడు. గురువారం పదకొండు లోపల చూపించగలిగితే చూపించండి. మాట కాదు, ప్లేటు" అన్నారు. కట్టు వదులు చేసి గాలి తగలనివ్వమని మాత్రం అప్పుడే వార్డుకి ఫోన్ చేశారు.

గంగబాబు గారి పుండు లోతుల్లోంచి చిన్న ముక్క తెప్పించి, రెండు ప్లేట్లు వేశాను. అదే సూడోమోనాస్, అదే మందు బిళ్ల. గాలి లేకపోయినా బతికే అవకాశం ఉండాలి కాబట్టి రెండింట్లోనూ చిటికెడు నైట్రేట్ కలిపాను. ఒకటి మామూలుగా బయట పెట్టాను. రెండోది మూత బిగించే జాడీలో, గాలిని పీల్చేసే పొట్లంతో పాటు పెట్టాను. ఆ పొట్లం గడువు జూన్‌లోనే దాటిపోయింది. కొత్తవి కావాలని నాలుగు సార్లు రాసి పంపాను. పై నుంచి వచ్చిన జవాబు ఏమిటో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

రెండు రోజులు జాడీ తెరవకూడదు. బుధవారమంతా జాడీకి ఎదురుగా కూర్చున్నాను. పొట్లం పనిచెయ్యకపోతే కాలు పోతుంది. పనిచేసి, రెండు ప్లేట్లూ ఒకేలా ఉంటే నా మాట పోతుంది, కాలూ పోతుంది. మధ్యాహ్నం వీరవేణి గారు ల్యాబ్ గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. "ఆ డబ్బాలోనా అమ్మా, మా ఆయన కాలు?" అన్నారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. "అవునండి" అన్నాను. ఆమె జాడీకి దణ్ణం పెట్టి వెళ్లారు. మేం ఏసుని నమ్మినవాళ్లం. అయినా ఆమె వెళ్లాక ఒకసారి అటూ ఇటూ చూసి, నేనూ ఆ జాడీ వైపు తలవంచాను.

గురువారం పదిన్నరకి తెరిచాను. జాడీలో ప్లేటు తీసి బయట ప్లేటు పక్కన పెట్టాను. బయటదాంట్లో మందు బిళ్ల చుట్టూ రూపాయి బిళ్లంత ఖాళీ. జాడీలోదాంట్లో పల్చగా, నీరసంగా, రంగు కూడా సరిగ్గా లేకుండా పెరిగి ఉంది. కానీ బిళ్లని ఆనుకుని పెరిగింది. చుట్టూ గోరంత ఖాళీ లేదు.

రెండూ చేత్తో పట్టుకుని ఆపరేషన్ గది దాకా పరిగెత్తాను. గంగబాబు గారిని అప్పటికే పచ్చగౌనులో బల్ల మీద పడుకోబెట్టారు. మత్తు డాక్టరు చేతులు కడుక్కుంటున్నారు. సూర్యప్రకాష్ గారు ప్లేట్లని లైటుకి పట్టి చూశారు.

"అంటే మందు తప్పు కాదు" అన్నారు. "రిపోర్టూ తప్పు కాదు."

"ఆయ్ అం... కాదండి. అంటే, అవునండి" అన్నాను.

ఆయన మంచివాడని ముందే చెప్పాను. పట్టుదలకి పోలేదు. రంపం పక్కన పెట్టించారు. పుండు విప్పి, చచ్చిన మాంసమంతా తీసి, జిగట కడిగి, గాలి ఆడేలా వదిలేశారు. చివరి రెండు వేళ్లు దక్కలేదు. గాలితో పనిలేని ఇంకో మందు కలిపారు, చక్కెరకి ఇన్సులిన్ మొదలుపెట్టారు. నాలుగో రోజు జ్వరం దిగింది. మూడో వారానికి పుండులో ఎర్రటి మాంసం వచ్చింది. సౌజన్య నన్ను ప్రత్యేకంగా పిలిచి చూపించింది. నేను చీము చూసి బతికే మనిషిని. చీము లేని పుండు చూసి అంత సంతోషం వేస్తుందని అనుకోలేదు.

ఆ తర్వాత వార్డు గోడకి డాక్టర్ గారి చేతిరాతతో ఒక కాగితం అంటించారు. "ఆయ్‌ను అవును అని రాయరాదు." కింద సంతకం, తేదీ ఉన్నాయి.

ఇంటికి పంపించేరోజు నేనూ వార్డుకి వెళ్లాను. వీరవేణి గారు సంచి సర్దుతున్నారు. గంగబాబు గారు మూడు వేళ్ల పాదాన్ని చాచుకుని, ఎవరిదో చూస్తున్నట్టు చూసుకుంటున్నారు. డాక్టర్ గారు మందులు చెప్పారు, చెప్పులు చెప్పారు, చివరికి ఆరు నెలలు చెట్టు మాట ఎత్తవద్దన్నారు.

"అవునండి. ఎక్కనండి" అన్నారు గంగబాబు గారు, పూర్తిగా, వాక్యంతో సహా. డాక్టర్ గారు నా వైపు చూసి నవ్వారు.

అప్పుడే ఫోన్ మోగింది. చిన్న ఫోనే కానీ గొంతు పెద్దది, వార్డంతా వినపడింది. రాజబాబు గారు.

"ఏం గంగబాబూ, ఇంటికంపేత్తన్నారంట? మంచిది, మంచిది. తోట ముదిరిపోయిందయ్యా. కొత్తోళ్లకి మన చెట్లు తెలీడం లేదు. ఎల్లుండి లారీ వత్తంది. వచ్చేయ్, నాలుగు చెట్లయినా ఎక్కుదువు గాని."

"ఆయ్" అన్నారు గంగబాబు గారు. ఫోన్ పెట్టేశారు.

వీరవేణి గారు సంచి మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయారు. డాక్టర్ గారు గోడ మీద కాగితం చూశారు, నన్ను చూశారు. నాకు నాలుక చివరికి పది మాటలు వచ్చాయి. అవి నేను అనాల్సినవి కావు. ముప్పై ఏళ్లు ఆయన ఆ గొంతుకి అదే జవాబిచ్చారు. ఆ గొంతు వినపడగానే ఆయన గాలి పీల్చడం మానేసి, చిన్నగా అయిపోయి, ఎలాగోలా బతకడం మొదలుపెడతారు. అది నా కళ్లెదురుగానే జరిగింది.

గంగబాబు గారు పాదం వైపు చూసుకున్నారు. తర్వాత ఫోన్ తీసి, నంబరు వెతికి, నొక్కారు.

"రాజబాబు గారండి, నేనండి, గంగబాబునండి. ఇందాక ఆయ్ అన్నానండి." "అది ఆ ఆయ్ కాదండి. రానండి. ఎక్కలేనండి. ఏవనుకోకండి."

అవతల నుంచి ఒక్క మాట వచ్చింది, ఈసారి గంగబాబు గారి చెవికి మాత్రమే. ఫోన్ ఆగిపోయింది.

వీరవేణి గారు, "ఏవన్నారు?" అన్నారు.

గంగబాబు గారు ఫోన్ వైపు, తర్వాత మా అందరి వైపు చూశారు.

"ఆయ్ అన్నారు" అన్నారు.